ఎదురింటి క్రెటా, మా గేటు, మధ్యలో 11 అడుగులు

లెక్కల టీచర్, కొత్తపేట:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది. ఓపిక లేనివాళ్ళు చివరి పేరా ఒక్కటి చదివి సలహా చెప్పినా సంతోషమే.

మాది చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనకాల, కొత్తపేట వైపు, 20 అడుగుల గల్లీ. 1994లో నాన్న ఇల్లు కట్టినప్పుడు మా గల్లీలో నాలుగు చక్రాల బండి ఒక్కటే, మూలమీది ఇస్త్రీ బండి. మొన్న ఆదివారం లెక్కపెట్టాను, 14 కార్లు. బైకులు లెక్కపెట్టలేదు. మెట్రో ఎక్కడానికి వచ్చి మా గల్లీలో పెట్టిపోయే బైకులు వేరే, వాటి ఓనర్లు ఎవరో ఆ దేవుడికే తెలియాలి.

నేను యాచారం అవతల జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పొద్దున 7:40కి బయల్దేరాలి. ఎల్బీనగర్‌లో ఒక మేడమ్‌ని, బీఎన్ రెడ్డి నగర్‌లో ఇంకో మేడమ్‌ని ఎక్కించుకుని సాగర్ రోడ్డు పట్టుకుంటాను. నా ఒక్కదాని ఆలస్యం అయితే సర్దుకోవచ్చు, ముగ్గురి ఆలస్యం అవుతుంది. ఇప్పుడు హాజరు కూడా ఫోన్‌కి ముఖం చూపించి వేయాలి కాబట్టి "ట్రాఫిక్ సార్" అని హెడ్మాస్టర్‌తో నవ్వేసి తప్పించుకునే రోజులు పోయాయి.

ఎదురిల్లు జీ ప్లస్ త్రీ. కింద స్టిల్ట్‌లో, అంటే పార్కింగ్ కోసం స్తంభాల మధ్య వదిలిన చోట, మూడు కార్లు పట్టే జాగా ఉండేది. నాలుగేళ్ళ కింద ఓనర్ అంకుల్ దానికి రెండు షట్టర్లు పెట్టించారు. ఒకదాంట్లో కిరాణా, ఒకదాంట్లో జిరాక్స్. అద్దెకున్నవాళ్ళ కార్లన్నీ గల్లీలోకి వచ్చాయి. అందులో రెండో అంతస్తు అబ్బాయి క్రెటా సరిగ్గా మా గేటు ఎదురుగా నిలబడుతుంది. గేటుకి అడ్డం కాదు, ఎదురుగా. అదే చిక్కు. ఎవరికి చెప్పినా "గేటు ఖాళీగానే ఉంది కదా మేడమ్" అంటారు.

టేపు పెట్టి కొలిచాను. కిరాణా వాళ్ళకి మనుషులు వచ్చిపోవాలని క్రెటాని షట్టర్‌కి 3 అడుగులు వదిలి పెడతాడు. బండి వెడల్పు 6 అడుగులు. 20లోంచి 9 పోతే 11. నా వ్యాగనార్ పొడుగు 12. తీసివేతలు ఆరో తరగతి పిల్లలకి చెప్పేదాన్ని, నా బండికి చెప్పలేకపోతున్నాను.

పైగా మా ఇల్లు పల్లంలో పడింది. కట్టినప్పుడు రోడ్డుకన్నా రెండడుగులు ఎత్తు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మూడుసార్లు సీసీ రోడ్డు పోశారు, ఇప్పుడు రోడ్డే మాకన్నా అర అడుగు ఎత్తు. అంటే నేను రివర్స్‌లో ఎక్కాలి, ఎక్కుతూనే తిప్పాలి, తిప్పుతూనే ఆపాలి.

గురువారం సంగతి చెప్తాను. తొమ్మిదిసార్లు ముందుకీ వెనక్కీ. అమ్మ రోడ్డు మీద నిలబడి "రా, రా, రా... ఆగాగు!" అంటోంది. ఆ "ఆగాగు" ఎప్పుడూ సెన్సార్ కూత తర్వాతే వస్తుంది. ఆవిడ పొద్దున్నే వేసిన ముగ్గు మీద నా ఎనక టైరు నాలుగు గీతలు ఈడ్చింది. అటు స్కూల్ ఆటో హారన్, ఇటు పాల ప్యాకెట్ల అబ్బాయి సైకిల్ మీద ఒక కాలు కింద పెట్టి చూస్తున్నాడు. ఓనర్ అంకుల్ బాల్కనీలో బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయనకది రోజూ వచ్చే సీరియల్. చివరికి ఎడమ అద్దం గేటుకి రాసుకుని గేటు పచ్చ రంగు అద్దానికి అంటింది.

ఓనర్ అంకుల్‌ని రెండుసార్లు అడిగాను. "రోడ్డు పబ్లిక్‌ది కదమ్మా" అన్నారు. స్టిల్ట్ ఎవరిది అంకుల్ అని అడగాలనుకుని ఊరుకున్నాను. ఆ అబ్బాయి మాత్రం మర్యాదస్తుడే. అమెరికా వాళ్ళ టైమ్‌కి డ్యూటీ, తెల్లవారుజామున 4:30కి వచ్చి పడుకుంటాడు. ఫోన్ చేస్తే పదకొండోసారికి ఎత్తి, నిక్కరు మీద, ఎర్ర కళ్ళతో కిందికి దిగుతాడు. "సారీ మేడమ్" అంటాడు. నాకే పాపం అనిపిస్తుంది.

గొడవ పెట్టుకోవడం ఇష్టం లేదు. నేను పగలంతా స్కూల్లో ఉంటాను, అమ్మకి 74 ఏళ్ళు. ఏదన్నా అయితే ముందు పరిగెత్తుకొచ్చేది ఆ ఎదురింటివాళ్ళే. అట్లాగని రోజూ తొమ్మిదిసార్లు తిప్పడం నా వల్ల కావట్లేదు. పోలీసులకి చెప్పాలా, మున్సిపల్ కార్పొరేషన్‌కి చెప్పాలా, ఇంకేదన్నా దారి ఉందా?

---

దిల్‌సుఖ్‌నగర్ బాబు:

మేడమ్, మీరు మరీ మంచివాళ్ళు. ఒక శనివారం సాయంత్రం వాడి బండి లేనప్పుడు ఎదురుగా నాలుగు పెద్ద పూలకుండీలు దింపించండి. సిమెంట్‌వి, ఒక్కడు లేపలేనివి. మా గల్లీలో అదే చేశాం. గేటుకి "వాహనములు నిలిపిన యెడల టైర్ల గాలి తీయబడును" బోర్డు కూడా పెట్టండి. రెండుసార్లు నిజంగా తీస్తే దారికొస్తారు.

---

నల్లకోటు:

పై సలహా పాటించకండి. గాలి తీస్తే ఆ బండి ఇంకా గట్టిగా అక్కడే కూర్చుంటుంది, మీరు కోరుకునేది అది కాదు కదా. పైగా అవతలివాళ్ళు స్టేషన్‌కి వెళ్తే తప్పు మీ మీదికి వస్తుంది. రోడ్డు మీద కుండీలు పెట్టడమూ ఆక్రమణే. షట్టర్ పెట్టినాయనా కుండీ పెట్టినావిడా అప్పుడు ఒకే లైన్లో నిలబడతారు.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 122 ఉంది, ఇతరులకి ప్రమాదం, అడ్డంకి కలిగేలా బహిరంగ స్థలంలో బండి వదలకూడదంటుంది. సెక్షన్ 127 కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అలాంటి బండిని లాగించేయొచ్చు, లాగిన ఖర్చు బండి ఓనరే కట్టాలి. పది గంటలు, అంతకు మించి మనిషి లేకుండా వదిలేసిన బండి కూడా అదే సెక్షన్‌లోకి వస్తుంది. 4:30కి పెట్టి సాయంత్రం తీసే బండికి ఎన్ని గంటలో లెక్కల టీచర్‌కి నేను చెప్పక్కర్లేదు. 2017 డ్రైవింగ్ నిబంధనల్లో ఇంటి ప్రవేశానికి అడ్డంగా పార్క్ చేయకూడదని ఉంది. అది మీ గేటు ముందు పెట్టినవాళ్ళకి బాగా వర్తిస్తుంది. మెట్రో బైకులు గేటుకి అడ్డం పెడితే మొహమాటం లేకుండా 100కి కొట్టండి, పెట్రోలింగ్ బండి వస్తుంది. ముందు ఫోటో తీయండి, నంబర్ ప్లేటూ మీ గేటూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి. రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్‌ని పట్టుకుందామనుకోకండి, పేరు సగం చుక్కలే వస్తుంది, ఫోన్ నంబర్ రాదు.

ఎదురుగా పెట్టిన బండి విషయంలో కేసు అంత సూటిగా లేదు. ఆ వచ్చిన కానిస్టేబుల్ కూడా "గేటు ఖాళీగానే ఉంది కదా" అనే అవకాశమే ఎక్కువ.

అసలు గట్టి కేసు మీరు అడగకుండా ఊరుకున్న ప్రశ్నలో ఉంది. 2012 బిల్డింగ్ రూల్స్, జీవో 168, ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన జాగాని పార్కింగ్‌కే వాడాలంటుంది. స్టిల్ట్‌లో షట్టర్లు అందుకు విరుద్ధం. కార్పొరేషన్ యాప్‌లో ఫోటోలతో పెట్టొచ్చు, సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో కాగితం ఇవ్వొచ్చు. కానీ ఆ కాగితం ఇచ్చిన రోజు నుంచి ఆ బాల్కనీతో మీకు మాటలుండవు. అమ్మగారి గురించి మీరు రాసింది చదివాక నేనైతే దాన్ని చివరికి దాచుకుంటాను.

---

స్టీరింగన్న:

అక్కా, పదమూడేండ్ల సంది క్యాబ్ నడుపుతున్న. ఓల్డ్ సిటీల గోడకు గోడ తాకే గల్లీలల్ల గూడ సవారీని దింపి వచ్చిన. మీ పోస్టు రెండుసార్లు చదివిన. క్రెటా సంగతి తర్వాత చూద్దాం. మీరు బండి ముక్కు లోపలికి పెట్టి, పొద్దుగాల రివర్స్ తీస్తున్నరు కదా? అగో, ఆడనే ఉన్నది తప్పు.

బండికి మలిగేటివి ముందటి టైర్లే. ఎనక టైర్లు మలగయి, గుంజితే వస్తయి. ముక్కుతోని లోపలికి పోతే ఎనక టైరు లోపలి దిక్కుకు కోసుకుంట వస్తది, గేటు పిల్లర్‌కు రాసుకుంటది. అందుకని బండిని గల్లీలనే పూరాగ సీదా చేసి అప్పుడు కొట్టాలె. 11 అడుగులల్ల 12 అడుగుల బండి సీదా ఎట్లయితదక్కా? పొద్దుగాల మీరు చేసేది గదే పని, ఉల్టా.

ఎనకకెళ్ళి లోపలికి పోయి చూడున్రి. ఎనక టైర్లు ముందుగాల గేట్ల పడతయి, ఇగ ముక్కు ఎంత తిరిగినా రోడ్డు మీదనే తిరుగుతది. పొద్దుగాల అదే జాడల ముంగటికి బయటికొస్తరు. ఎత్తు గూడ ముందటి గేర్ల ఎక్కుతది, క్లచ్ కాలదు. రెండు దిక్కులా కండ్లతోని కనవడతది, అమ్మను రోడ్డు మీద నిలవెట్టే పని లేదు.

ఇంకోటి. మీరే రాసిన్రు, ఆ పిలగాడు తెల్లారగట్ల వస్తడని. అంటే సాయంత్రం మీరు బడి నుంచి వచ్చేటాళ్ళకు క్రెటా ఉండది! కష్టమైన పని, రివర్స్ పెట్టుడు, జాగ ఖాళీగున్నప్పుడు చేసుకోవాలె. సులువైన పని పొద్దుగాలకు పెట్టుకోవాలె. మీరు ఉల్టా చేస్తున్నరు.

గీ ఒక్కదానితోని తొమ్మిది తిప్పుళ్ళు నాలుగుకొస్తయి. ఒకటికి రావాలంటే క్రెటా కొంచెం జరగాలె. పూరా తీసుడు కాదు. మీరు మెట్రో దిక్కు ఎడమకు మలుగుతరనుకుంట. ఆ బండి కుడి దిక్కుకు ఎనిమిదడుగులు జరిగితే బస్. ఎట్ల చెప్పాల్నో చెప్త ఇనున్రి. ఓ ఆదివారం సాయంత్రం బండిని మెల్లగ బయటికి తీస్కుంట, ఎవరన్న ముందటి బంపర్ మూల పక్కపొంటి నడుస్తు ముగ్గుపిండి పోసుకుంట పోవాలె. రోడ్డు మీద గీత పడతది. ఆ గీత అవతల ఏ బండున్నా మీకు తగలది. ఆ గీతను ఆయనకు చూపెట్టున్రి. "జరపండి" అంటే ఎవనికి సమజ్ కాదు, గీత చూపెడితే అయితది.

---

రాత్రి డ్యూటీ:

నేను మీ ఎదురింటి అబ్బాయిని కాదు మేడమ్, మాది మియాపూర్. కానీ ఆ ఎర్ర కళ్ళు నావే.

అగ్రిమెంట్ రోజు మా ఓనర్ పార్కింగ్ ఉందన్నాడు. సామాను దింపిన వారానికి "మా అల్లుడు కారు కొన్నాడు, నువ్వు బయట పెట్టుకో బాబూ" అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చేశాక ఏం మాట్లాడతాం? తెల్లవారుజామున వచ్చేసరికి గల్లీలో మిగిలిన సందు ఏదుంటే అందులో దూర్చి పడుకోవడమే. ఎవరి గేటు ఎదురుగా ఉందో చూసే ఓపిక ఉండదు.

ఒక్క మాట చెప్తా. 7:40కి ఫోన్ చేయకండి. ఆ టైమ్‌లో నేను దేనికైనా ఊ అంటాను, లేచాక గుర్తుండదు. మా ఎదురింటి ఆంటీ ఏడాది పాటు పొద్దున్నే లేపి "కొంచెం జరుపు నాయనా" అన్నారు. నేను కొంచెం జరిపేవాణ్ణి, పడుకునేవాణ్ణి, మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టేవాణ్ణి. ఒకరోజు సాయంత్రం నాలుగింటికి, నేను మనిషిలా ఉన్నప్పుడు, పిలిచి ఎక్కడ పెట్టాలో చూపించారు. ఆ తర్వాత మళ్ళీ ఫోన్ రాలేదు. తాళం ఒకటి మీ దగ్గర పెట్టుకోమని మాత్రం అడగకండి, నేనైతే ఇవ్వను.

---

లెక్కల టీచర్, కొత్తపేట:

అందరికీ థాంక్స్. స్టీరింగన్నా, సాయంత్రం ఆ జాగా ఖాళీగా ఉంటుందన్న మాట నేనే రాసి నేనే చూసుకోలేదు. పిల్లలు ప్రశ్నలో ఇచ్చిన విలువ వదిలేసి లెక్క చేస్తే గోడ దగ్గర నిలబెట్టేదాన్ని. నన్నెవరు నిలబెట్టాలి?

దిల్‌సుఖ్‌నగర్ బాబుగారూ, కుండీల మాట అమ్మకి బాగా నచ్చింది. ఆవిడని ఆపడానికి నల్లకోటుగారి పోస్టు చదివి వినిపించాల్సి వచ్చింది.

---

లెక్కల టీచర్, కొత్తపేట, మూడు వారాల తర్వాత:

ఏమైందో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకని.

మొదటి రోజు రివర్స్ పెట్టడానికి 20 నిమిషాలు పట్టింది. గల్లీ పిల్లలు క్రికెట్ ఆపేసి అరుగు మీద కూర్చుని చూశారు. ఒకడు "మేడమ్, కుడికి కాదు, ఆ కుడికి" అన్నాడు. రివర్స్‌లో స్టీరింగ్ ఎటు తిప్పితే ఎటు పోతుందో చేతికి అలవాటవడానికి నాలుగు రోజులు. ఇప్పుడు మూడు తిప్పుళ్ళలో లోపల పెట్టేస్తున్నాను. పొద్దున క్రెటా ఉండగానే నాలుగు తిప్పుళ్ళలో బయటపడ్డాను, అచ్చం స్టీరింగన్న చెప్పిన లెక్కే.

ఆదివారం నాలుగింటికి ఆ అబ్బాయిని టీకి పిలిచాను. అప్పటికే అమ్మ డబ్బా పట్టుకుని బంపర్ పక్కన నడిచి గీత పోసింది. ఏళ్ళ తరబడి చుక్కల ముగ్గులు పెట్టిన చెయ్యి కదా, ఆ వంపు ఎక్కడా తెగలేదు. అతను గీతని చూసి, అటూ ఇటూ నడిచి, "ఇంతేనా మేడమ్? మీరు జరపమంటే గల్లీ చివరిదాకా తీసుకుపోవాలేమో అనుకున్నా" అన్నాడు. రెండేళ్ళుగా ఇద్దరం ఒకే మాటని రెండు కొలతల్లో వింటున్నామన్నమాట.

ఒక్క అభ్యంతరం చెప్పాడు. కుడివైపు జరిగితే బండి ముందు సగం కానుగ చెట్టు కిందికి పోతుంది, చెట్టు నిండా కాకులు. నిజమే, ఆ చెట్టు కింద నిలబడ్డ బండిని వాళ్ళమ్మ కూడా గుర్తుపట్టదు. కవర్ కొనిస్తానన్నాను, వద్దని తనే కొనుక్కున్నాడు. తెల్లవారుజామున కవర్ తొడగడానికి బద్ధకమేసిన రోజు కాకులు వాటి పని అవి చేస్తాయి, సాయంత్రం అతను మగ్గు పట్టుకుని కడుక్కుంటుంటాడు. గీత మొదటి వానకే పోయింది. అమ్మ ఆదివారం ఆదివారం మళ్ళీ పోస్తోంది. గురువారం ఒక్క తిప్పుతో బయటికి వచ్చాను. పాల ప్యాకెట్ల అబ్బాయి ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. నిన్న స్కూల్ నుంచి వచ్చేసరికి కానుగ చెట్టుకి మేకు కొట్టి ఒక రేకు బోర్డు వేలాడుతోంది. తెల్ల రంగు మీద ఎర్ర అక్షరాలు, ఇంకా తడి ఆరలేదు: "కస్టమర్ పార్కింగ్ మాత్రమే". ఓనర్ అంకుల్ బాల్కనీలో ఉన్నారు. బోర్డు చదువుతున్న నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయారు.

నల్లకోటుగారూ, ప్రజావాణి కాగితంలో షట్టర్ల ఫోటోలు ఎన్ని పెట్టాలి? చెట్టుకి కొట్టిన మేకు కూడా అందులోనే రాయొచ్చా?